బోటులో ట్రాన్స్‌పాండర్ ఉంటే చాలదు, దాని వెనుక మీ వివరాలు సరిగ్గా ఉండాలి

వరి, జీడి, సరుగుడు గురించి చదివే చోట వేట బోట్ల సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. నేను చదివింది వ్యవసాయం, చేసేది వ్యవసాయ విస్తరణ పని. కానీ తీర మండలాల్లో పని చేసేవారికి తెలుసు, ఇక్కడ చాలా ఇళ్లలో అన్న పొలం చూసుకుంటే తమ్ముడు వేటకు వెళతాడు. ఖరీఫ్ పెట్టుబడి వలలో పడ్డ చేపల నుంచే వస్తుంది. పొలం పాసు పుస్తకాన్ని పెట్టెలో జాగ్రత్తగా దాచుకునే ఇంట్లోనే బోటు కాగితాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. అందుకే మత్స్యశాఖ సిబ్బందితో కలిసి గ్రామాల్లో తిరిగినప్పుడు తెలుసుకున్న విషయాలను ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

ముఖ్యాంశాలు

* బోటు జాడ తెలిపే పరికరం పంపేది ప్రధానంగా తన గుర్తింపు సంఖ్య, తానున్న చోటు. ఆ సంఖ్య ఎవరిదో చెప్పేది ఒడ్డున ఉన్న నమోదు పుస్తకమే.
* బోటు రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు, పరికరం నమోదు మూడూ వేర్వేరు పనులు. ఒకటి ఉంటే మిగతావి ఉన్నట్టు కాదు.
* కేంద్ర పథకం కింద ఇచ్చే ట్రాన్స్‌పాండర్ బోటు యజమానికి ఉచితం.
* బోటు అమ్మినా, ఫోన్ నంబరు మారినా, పరికరం వేరే బోటుకు మార్చినా వెంటనే నమోదు సరిచేయించాలి.
* ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధ కాలం ఈ పనులకు అనువైన సమయం.

ఏ పరికరం ఏ పని చేస్తుంది?

చాలామంది సరంగులు "మా బోటులో జీపీఎస్ ఉంది సార్" అంటారు. జీపీఎస్, చేపల జాడ చూపే ఫైండర్ మీరు ఎక్కడున్నారో మీకే చెబుతాయి. ఒడ్డున ఉన్నవారికి ఏమీ చెప్పవు. వీహెచ్‌ఎఫ్ సెట్టు మాట్లాడుకోవడానికి పనికొస్తుంది కానీ దాని పరిధి పరిమితం. సెల్‌ఫోన్ సిగ్నల్ తీరం నుంచి కొద్ది దూరం వెళ్లగానే పోతుంది. ఒడ్డుకు మీ జాడ తెలిపే పరికరాలు వేరే ఉన్నాయి.

1. ట్రాన్స్‌పాండర్: ఇస్రో తయారు చేసిన పరిజ్ఞానంతో పనిచేస్తుంది. ఉపగ్రహం ద్వారా బోటు ఉన్న చోటును ఒడ్డుకు పంపుతుంది. ఒడ్డు నుంచి తుఫాను హెచ్చరికలు, సందేశాలు బోటుకు వస్తాయి. ప్రమాదంలో మీరు కబురు పంపవచ్చు. ఫోన్‌లో 'నభ్‌మిత్ర' యాప్ వేసుకుని పరికరానికి జత చేసుకుంటే సందేశాలు చదవవచ్చు, పంపవచ్చు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష బోట్లకు వీటిని అమర్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించారు. పథకం వ్యయం సుమారు 360 కోట్ల రూపాయలు. మరబోట్లకు, ఇంజను పడవలకు దశలవారీగా ఇస్తున్నారు.

2. డాట్: ఇది ప్రమాద సంకేతం పంపే పెట్టె. 2010 నుంచి వాడుకలో ఉంది. అగ్ని ప్రమాదం, బోటు మునక, మనిషి నీటిలో పడటం, అనారోగ్యం వంటి ఆపదల్లో మీట నొక్కితే సంకేతం వెళుతుంది. పాత డాట్‌లో కబురు అందిందో లేదో మీకు తెలియదు. రెండో తరం డాట్‌లో కబురు అందినట్టు తిరుగు సమాచారం వస్తుంది. దానిని కూడా బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు జత చేసుకుని మన భాషలో సందేశాలు చదువుకోవచ్చు.

3. ఏఐఎస్: పెద్ద మరబోట్లలో ఉంటుంది. దగ్గరలోని ఓడలకు మీ బోటును వాటి తెరపై చూపిస్తుంది. రాత్రి వేళ ఓడ వచ్చి గుద్దే ముప్పును తగ్గిస్తుంది. దీనికి తొమ్మిది అంకెల సంఖ్య ఉంటుంది. భారతదేశపు నౌకలు, బోట్లకు ఆ సంఖ్య 419తో మొదలవుతుంది. దుకాణంలో కొన్న సెట్టులో వేరే బోటు సంఖ్య మిగిలిపోయి ఉంటే మీ బోటు ఆ పేరుతోనే కనిపిస్తుంది.

నమోదు లేకపోతే ఏమవుతుంది?

డాట్ మీట నొక్కగానే సంకేతం ఉపగ్రహానికి, అక్కడి నుంచి ఇస్రో కంట్రోల్ కేంద్రానికి చేరుతుంది. అక్కడ ఆ సంకేతంలోని సంఖ్యను బట్టి బోటు ఏదో, ఎక్కడుందో గుర్తిస్తారు. ఆ వివరాలు కోస్ట్ గార్డ్ సముద్ర గాలింపు కేంద్రానికి వెళతాయి. వారు యజమాని ఫోన్‌కు, మత్స్యశాఖకు కబురు చేస్తారు. బోటులో ఎంతమంది ఉన్నారు, బోటు రంగు ఏమిటి, ఎప్పుడు బయలుదేరింది అని అడుగుతారు. సమాధానం సరిగ్గా వస్తే వెతికేవారి పని సులువవుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక తీర గ్రామంలో జీడి తోటల సమావేశం జరుగుతుండగా ఒక రైతుకు ఫోన్ వచ్చింది. "మీ బోటు నుంచి ప్రమాద సంకేతం వచ్చింది, అందులో ఎంతమంది ఉన్నారు?" అని అడుగుతున్నారు. ఆయన మోసపు ఫోన్ అనుకుని రెండుసార్లు కట్ చేశాడు. మూడోసారి నాకు ఇచ్చాడు. "పడవ అమ్మేసి ఏడాదైంది సార్, నాకేటి సంబంధం?" అన్నాడు. పడవతోపాటు పెట్టె కూడా కొన్నవాడికి వెళ్లిపోయింది, నమోదులో పేరు, ఫోన్ మాత్రం ఈయనవే ఉన్నాయి. కొన్నవాడి నంబరు ఈయన దగ్గర లేదు. బేరం కుదిర్చిన మనిషిని పట్టుకుని, ఆయన ద్వారా కొన్నవారి ఇంటికి ఫోన్ చేసేసరికి గంటన్నర గడిచింది. పడవ రంగు కూడా మార్చారని అప్పుడే తెలిసింది. ఇంజను ఆగి కొట్టుకుపోతున్న ఆ పడవను మరో బోటువారు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. నలుగురూ క్షేమంగా వచ్చారు. గాలి ఇంకొంచెం పెరిగి ఉంటే ఆ గంటన్నర ఆలస్యానికి ఎంత మూల్యం చెల్లించాల్సి వచ్చేదో మీరే ఆలోచించండి.

2017 నవంబరు చివర ఓఖీ తుఫాను కేరళ, తమిళనాడు మత్స్యకారులను నడి సముద్రంలో పట్టుకుంది. హెచ్చరిక వెలువడేసరికే లోతు వేటకు వెళ్లిపోయినవారికి కబురు చేరే దారి లేకపోయింది. ఇప్పుడు దారి వచ్చింది. ఆ దారి మీ బోటు దాకా రావాలంటే మీ వివరాలు సరిగ్గా ఉండాలి.

మూడు నమోదులు, మూడు వేర్వేరు పనులు

పొలానికి పాసు పుస్తకం వేరు, ఈ-పంట నమోదు వేరు, బీమా వేరు. బోటుకూ అంతే.

* బోటు రిజిస్ట్రేషన్: ఇది బోటు మీదే అని చెప్పే పత్రం. 'రియల్‌క్రాఫ్ట్' అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా మత్స్యశాఖ చేస్తుంది. దీనితో బోటుకు ఒక సంఖ్య వస్తుంది. అందులో దేశం, రాష్ట్రం, జిల్లా, బోటు రకం తెలిపే అక్షరాలు, చివర వరుస సంఖ్య ఉంటాయి. మరబోటుకు ఎంఎం, ఇంజను పడవకు ఎంఓ అనే అక్షరాలు చూస్తుంటారు.
* వేట లైసెన్సు: ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం, 1994 కింద ఇచ్చే అనుమతి. దీనికి గడువు ఉంటుంది, పునరుద్ధరించుకోవాలి.
* పరికరం నమోదు: మీ బోటు సంఖ్యను పెట్టె మీది గుర్తింపు సంఖ్యతో జత చేయడం.

మొదటిది లేకుండా మూడోది జరగదు. బోటుకే సంఖ్య లేకపోతే పెట్టెను దేనికి జత చేస్తారు? కాబట్టి ముందు రిజిస్ట్రేషన్ చూసుకోండి. డీజిల్ రాయితీకి, వేట నిషేధ కాలపు భృతికి కూడా అదే ఆధారం.

తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దాటాక 200 నాటికల్ మైళ్ల వరకు ఉండే ప్రత్యేక ఆర్థిక మండలంలో వేటకు కేంద్రం 2025 నవంబరులో కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం మరబోట్లు, పెద్ద బోట్లు రియల్‌క్రాఫ్ట్ పోర్టల్‌లోనే యాక్సెస్ పాస్ తీసుకోవాలి. దీనికి రుసుము లేదు. సంప్రదాయ, చిన్న తరహా మత్స్యకారుల పడవలకు ఈ పాస్ అవసరం లేదు. పాస్ అవసరం లేనంత మాత్రాన పడవ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అనుకోకండి.

నమోదు చేయించుకునే పద్ధతి

1. కాగితాలు సిద్ధం చేసుకోండి. సాధారణంగా అడిగేవి: యజమాని ఆధార్, బోటు కట్టించిన లేదా కొన్న పత్రం, ఇంజను బిల్లు, ఇంజను సంఖ్య, బోటు ఫొటోలు, రిజిస్ట్రేషన్ పత్రం, లైసెన్సు, ఫోన్ నంబర్లు. ఇద్దరు ముగ్గురు కలిసి కొన్న బోటు అయితే అందరి పేర్లు.

2. మీ గ్రామ మత్స్య సహాయకుడిని గానీ, సాగర్ మిత్రను గానీ కలవండి. వారు దొరకకపోతే మత్స్యశాఖ అభివృద్ధి అధికారి కార్యాలయానికి వెళ్లండి. ట్రాన్స్‌పాండర్ కోసం మీ బోటు జాబితాలో ఉందో లేదో అడగండి. లేకపోతే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి.

3. డబ్బు ఎవరికీ ఇవ్వకండి. పథకం కింద వచ్చే ట్రాన్స్‌పాండర్‌కు బోటు యజమాని ధర చెల్లించనవసరం లేదు. "జాబితాలో పేరు ముందుకు తెస్తాను" అనేవారిని నమ్మవద్దు.

4. పరికరం బిగించేటప్పుడు యజమాని, సరంగు ఇద్దరూ బోటు దగ్గరే ఉండండి. పెట్టె మీది గుర్తింపు సంఖ్యను ఫొటో తీసుకోండి. నమోదు పత్రంలో రాసిన సంఖ్యతో ఒక్కో అంకె పోల్చి చూడండి.

5. యాప్‌ను సరంగు ఫోన్‌లో వేయించండి. యజమాని ఒడ్డున ఉంటాడు కాబట్టి అతని ఫోన్‌లో ఒక్కదానిలోనే ఉంటే సముద్రంలో పనికిరాదు. బోటులో మరొకరి ఫోన్‌లో కూడా వేసి ఉంచితే మంచిది.

6. బిగించినవారు వెళ్లేముందే పరీక్ష చేయించండి. పరికరం పనిచేస్తోందని, మీ బోటు పేరు మీదే కనిపిస్తోందని చూపించమని అడగండి. అడగడం మీ హక్కు.

నమోదులో తప్పక సరిచూడవలసినవి

* బోటు సంఖ్య: బోటు మీద రంగుతో రాసింది, పత్రంలో ఉన్నది, పరికరం నమోదులో ఉన్నది మూడూ ఒకటే కావాలి.
* ఫోన్ నంబర్లు: కనీసం రెండు ఇవ్వండి. సరంగు నంబరు ఒక్కటే ఇస్తే అతను బోటులోనే ఉంటాడు, ఫోన్ మోగదు. ఒడ్డున ఉండే మనిషి నంబరు ఇవ్వాలి. ఇంట్లో ఆడవాళ్ల నంబరు ఇవ్వడం మేలు. వేటకు ఎవరెవరు వెళ్లారో వారికే సరిగ్గా తెలుసు.
* బోటు రంగు, పొడవు: రంగు మారిస్తే కొత్త ఫొటో ఇవ్వండి.
* మనుషుల సంఖ్య: ప్రతి వేటకు మారుతుంది. బయలుదేరేముందు ఇంట్లో చెప్పి వెళ్లండి.

మార్పు జరిగితే చేయవలసింది

బోటు అమ్మితే పేరు మార్పు కాగితం పూర్తయ్యాకే పరికరాన్ని అప్పగించండి. కొన్నవారు కూడా పేరు మార్పు అయ్యేవరకు వేటకు వెళ్లకుండా ఉండటం మంచిది. బావమరిదికి అమ్మినా, సొంత తమ్ముడికి ఇచ్చినా ఇదే పద్ధతి.

ఒక బోటు మరమ్మతులో ఉందని దాని పెట్టెను ఊడదీసి మరో బోటులో పెట్టవద్దు. ఆపదలో వెతికేవారు ఒడ్డు మీదున్న బోటు కోసం సముద్రంలో గాలిస్తారు. తప్పనిసరిగా మార్చవలసి వస్తే మత్స్యశాఖకు చెప్పి నమోదు మార్పించాకే వాడండి.

సిమ్ మార్చినా, పాత నంబరు ఆగిపోయినా ఆ వారంలోనే తెలియజేయండి. రీచార్జి చేయక ఆగిపోయిన నంబర్లు నమోదులో ఉండిపోవడం తరచుగా కనిపించే లోపం. పెట్టె పాడైనా, పోయినా అర్జీ ఇచ్చి ఆ సంఖ్యను పక్కన పెట్టించండి.

బోటులో పరికరం సంరక్షణ

* యాంటెన్నాకు పైన ఆకాశం కనబడాలి. దాని మీద వలలు, టార్పాలిన్, ఐసు పెట్టెలు వేయకండి.
* వైర్ల కీళ్ల దగ్గర ఉప్పు పేరుకుంటుంది. వేట నుంచి వచ్చాక మంచినీటి తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి.
* బ్యాటరీ గడువు తేదీని రంగుతో పెట్టె పక్కన రాసి పెట్టండి.
* ప్రమాద మీట ఎక్కడుందో కళాసీలందరికీ చూపించండి. సరంగే నీటిలో పడితే నొక్కవలసింది వారే.
* పొరపాటున మీట నొక్కితే భయపడి పెట్టె ఆపేసి ఊరుకోకండి. సందేశం ద్వారా గానీ, సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ 1554 నంబరుకు గానీ వెంటనే చెప్పండి. చెప్పకపోతే మీ కోసం ఓడ బయలుదేరుతుంది. ఆ సమయంలో నిజంగా ఆపదలో ఉన్నవారికి అది దూరమవుతుంది.

"మేం ఎక్కడ వేటాడుతున్నామో అందరికీ తెలిసిపోతుంది కదా?"

ప్రతి సమావేశంలో వచ్చే ప్రశ్న ఇది. నిజం చెప్పాలంటే, ఒడ్డున అధికారులకు మీ బోటు జాడ తెలుస్తుంది. అందుకోసమే ఈ ఏర్పాటు. నిషేధ కాలంలో వేటకు వెళ్లేవారికి, చిన్న పడవల కోసం కేటాయించిన తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు జలాల్లోకి చొరబడే మరబోట్లకు ఇది ఇబ్బందే. కానీ చిన్న పడవవారు ఆలోచించండి. మీ వల మీదుగా రాత్రిపూట పెద్ద బోటు వెళ్లి వల తెగితే ఇప్పటిదాకా మీ మాట తప్ప సాక్ష్యం లేదు. పెద్ద బోట్లన్నిటికీ ట్రాన్స్‌పాండర్ ఉండి, నమోదు సరిగ్గా ఉంటే ఆ రాత్రి అక్కడ ఎవరున్నారో అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

చాలామంది చేపలు దొరికే చోటు పక్క బోటువారికి తెలిసిపోతుందని పరికరం ఆపేస్తారు. ఏఐఎస్ సంకేతం దగ్గరి ఓడలన్నిటికీ కనబడుతుంది, ఆ మాట నిజం. అయినా రాత్రి వేళ ఓడల దారిలో దాన్ని ఆపడం ప్రాణాలతో చెలగాటమే.

గుజరాత్ వైపు బోట్లలో పనికి వెళ్లేవారికి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఏటా ఎంతోమంది వెరావల్ వంటి చోట్లకు బోట్లలో కూలికి వెళతారు. 2018 నవంబరులో అలా వెళ్లిన మనవారు పాకిస్తాన్ దళాలకు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగి వచ్చారు. ఏడాదికి పైగా ఆ ఇళ్లలో ఎలా గడిచిందో ఆ ఊళ్లవారికి తెలుసు. సముద్రంలో సరిహద్దుకు గట్టు లేదు, రాయి లేదు. సరిహద్దు దగ్గరపడితే హెచ్చరించే వీలు ట్రాన్స్‌పాండర్‌లో ఉంది.

బోటు మీది కాకపోయినా ప్రాణం మీదే. ఎక్కేముందు యజమానిని మూడు ప్రశ్నలు అడగండి. బోటులో ట్రాన్స్‌పాండర్ ఉందా? అది ఈ బోటు సంఖ్య మీదే నమోదై ఉందా? ఈ వేటకు వెళ్లే మనుషుల పేర్లలో నా పేరు రాశారా? ఎక్కాక బోటు సంఖ్యను ఫొటో తీసి ఇంటికి పంపండి. అడ్వాన్సు ఎంత అని అడిగినంత గట్టిగా ఇవి కూడా అడగండి.

ఇంట్లో గోడ మీద ఉంచవలసిన చీటీ

క్యాలెండర్ పక్కన ఒక కాగితం అంటించండి. అందులో ఇవి రాయండి: బోటు సంఖ్య, పరికరం గుర్తింపు సంఖ్య, బోటు రంగు, యజమాని, సరంగు ఫోన్ నంబర్లు, గ్రామ మత్స్య సహాయకుడి నంబరు, కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093, అత్యవసర సహాయానికి 112. వేటకు వెళ్లిన ప్రతిసారీ కింద పెన్సిలుతో బయలుదేరిన రోజు, మనుషుల పేర్లు, తిరిగి రావలసిన రోజు రాయండి. అనుకున్న రోజుకు బోటు రాకపోతే ఇంట్లోవారు ఎదురుచూస్తూ కూర్చోకుండా ఆ చీటీ చూసి ఫోన్ చేయవచ్చు.

వేట నిషేధ కాలంలో బోట్లు ఒడ్డెక్కుతాయి, వలలు బాగుచేసుకుంటారు, ఇంజను విప్పుతారు. ఆ రోజుల్లోనే ఒక పూట కేటాయించి బోటు కాగితాలు, పరికరం ఫొటో పట్టుకుని మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లండి. నమోదులో ఏముందో చదివి వినిపించమనండి. తప్పుంటే అక్కడే సరిచేయించండి. జూన్ 15న బోటు నీటిలోకి దిగేసరికి ఈ పని పూర్తి కావాలి.